హెఫెవైజెనా, పిల్స్‌నరా, ఐపీఏనా? మైక్రోబ్రూవరీ మెనూలో మీకు నప్పేది ఏది

వైన్ షాపు కౌంటర్ దగ్గర మనం అడిగేవి రెండే ప్రశ్నలు: లైటా స్ట్రాంగా, కూలింగ్ ఉందా లేదా. ఆ రెండు ప్రశ్నలతో కాలం వెళ్ళదీసినవాళ్ళు జూబ్లీహిల్స్‌లోనో గచ్చిబౌలిలోనో ఒక మైక్రోబ్రూవరీలో, అంటే బీరును అక్కడికక్కడే కాచి పోసే పబ్బులో, కూర్చోగానే బోర్డు మీద అరడజను పేర్లు కనిపిస్తాయి. హెఫెవైజెన్, బెల్జియన్ విట్, పిల్స్‌నర్, ఐపీఏ (ఇండియా పేల్ ఏల్), స్టౌట్, అప్పుడప్పుడు సావర్. ఏది బాగుంటుందని వెయిటర్‌ని అడిగితే "వీట్ బీర్ తీసుకోండి సార్, అందరూ అదే తాగుతారు" అంటాడు. చెడ్డ సలహా ఏమీ కాదు. కానీ ఒక్కో గ్లాసుకు మూడు నాలుగు వందలు పెడుతున్నప్పుడు అందరి రుచితో మనకేం పని?

మన దేశంలో ఈ ముచ్చట కొత్తదే. పుణెలో డూలలీ 2009లో, బెంగళూరులో టాయిట్ 2010లో మొదలయ్యాయి. తెలంగాణ ప్రభుత్వం 2015లో మైక్రోబ్రూవరీలకు నిబంధనలు తెచ్చాక హైదరాబాద్‌లో ఒకదాని తర్వాత ఒకటి వెలిశాయి. బోర్డు మీది పేర్లు మాత్రం బాగా పాతవి. ఒక్కోదాని వెనక ఒక ఊరుంది, ఆ ఊరి నీళ్ళున్నాయి, అప్పటి రాజుల పెత్తనం ఉంది. అవి కాస్త తెలిస్తే గ్లాసులో ఏం వస్తుందో ముందే ఊహించవచ్చు.

ముందు స్ట్రాంగ్ సంగతి తేల్చుకుందాం

650 మి.లీ. స్ట్రాంగ్ బీరు 8 శాతం అనుకుంటే అందులో ఆల్కహాల్ 52 మి.లీ. మన విస్కీ 42.8 శాతం ఉంటుంది కాబట్టి 30 మి.లీ. పెగ్గులో దాదాపు 12.8 మి.లీ. ఆల్కహాల్ వస్తుంది. అంటే ఒక్క స్ట్రాంగ్ బాటిల్ నాలుగు చిన్న పెగ్గులతో సమానం. మైక్రోబ్రూవరీలో 330 మి.లీ. హెఫెవైజెన్ 5 శాతం ఉంటే అందులో ఉండేది 16.5 మి.లీ. మాత్రమే, పెగ్గున్నర కూడా కాదు.

కాబట్టి కిక్కు కోసమే వెళ్తుంటే మైక్రోబ్రూవరీ చాలా ఖరీదైన దారి. ఎవరినీ తప్పు పట్టడం కాదు, లెక్క అంతే. స్ట్రాంగ్ బీర్లలో ఆల్కహాల్ పెంచడానికి చాలాచోట్ల బార్లీకి తోడు బియ్యమో పంచదారో వాడతారు. వాటి నుంచి ఆల్కహాల్ వస్తుంది గానీ రుచి పెద్దగా రాదు. ఇలా చిన్న ఎత్తున కాచే క్రాఫ్ట్ బీరులో డబ్బులు పోసేది ఆ రుచికే. చిన్న గ్లాసు కదా అని తేలిగ్గా కూడా తీసుకోవద్దు: 6.5 శాతం ఐపీఏ 500 మి.లీ. మగ్గు రెండున్నర పెగ్గుల లెక్క. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ మద్యానికి వయసు 21. బండి ఇంట్లో పెట్టి క్యాబ్‌లో వెళ్ళడం ఎలాగూ మంచిది.

తేడా అంతా ఈస్ట్ దగ్గరే మొదలవుతుంది

బీరుకు కావలసినవి నాలుగు: నీళ్ళు, మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ (దీన్నే మాల్ట్ అంటారు), చేదునూ సువాసననూ ఇచ్చే హాప్ పువ్వులు, పులియబెట్టే ఈస్ట్. ఎన్ని పేర్లున్నా బీర్లన్నీ ముఖ్యంగా రెండు కుటుంబాలు. ఏల్ ఈస్ట్ 20 డిగ్రీల దగ్గర్లో చురుగ్గా పనిచేస్తుంది, కొద్ది రోజుల్లో పని ముగిస్తుంది, పోతూ పోతూ పళ్ళ వాసనలు వదిలిపోతుంది. లాగర్ ఈస్ట్‌కు చలి కావాలి. 10 డిగ్రీల అటూ ఇటూ నిదానంగా పులిసి, తర్వాత సున్నాకు దగ్గరగా వారాల తరబడి ట్యాంకులో నిలవ ఉంటేనే ఆ శుభ్రమైన రుచి వస్తుంది.

దీని వెనక వ్యాపారం కూడా ఉంది. పబ్బులో ఉండే ట్యాంకులు కొన్నే. గోధుమ బీరు రెండు వారాల్లో గ్లాసులోకి వచ్చేస్తే, సరైన లాగర్ ఒక ట్యాంకును నెలా నెలన్నర ఆక్రమిస్తుంది. వెయిటర్ వీట్ బీర్ పేరు ముందు చెప్పడానికి జనం ఇష్టం ఒక కారణమైతే, ట్యాంకుల లెక్క ఇంకో కారణం.

గోధుమ బీర్లు: హెఫెవైజెన్ కావాలా, విట్ కావాలా

రెండూ మసకగా, లేత పసుపు రంగులో ఉంటాయి. రెండింట్లోనూ చేదు చాలా తక్కువ. చూడ్డానికి అన్నదమ్ముల్లా ఉన్నా ముక్కు దగ్గర పెట్టుకుంటే వేరు.

హెఫెవైజెన్‌ది జర్మనీలోని బవేరియా. 1516లో ఇంగోల్‌స్టాట్‌లో ఇచ్చిన ప్రసిద్ధ ఉత్తర్వు ప్రకారం బీరులో బార్లీ, హాప్స్, నీళ్ళు తప్ప ఇంకేమీ ఉండకూడదు. ఈస్ట్ పేరు అందులో లేదు, అదొక జీవి అని అప్పటికి ఎవరికీ తెలియదు. గోధుమలు రొట్టెకు మిగలాలన్నది ఒక ఉద్దేశం అంటారు. ఆ రొట్టె మీద అంత ప్రేమ ఉన్న పాలకులే మరి 1602 తర్వాత గోధుమ బీరు కాచే హక్కును తమ గుప్పిట్లో పెట్టుకుని ఖజానా నింపుకున్నారు! మామూలు మనిషికి ఆ హక్కు దక్కడానికి 1872 దాకా పట్టింది. అప్పటికి ఆ బీరుకు గిరాకీ పడిపోయింది. గేయోర్గ్ ష్నైడర్ అనే మ్యూనిక్ బ్రూవర్ హక్కు సంపాదించి దాన్ని నిలబెట్టాడు. ష్నైడర్ బీరు ఇవాళ్టికీ దొరుకుతుంది.

ఈ బీరులో సగమన్నా గోధుమ మాల్ట్ ఉంటుంది. గ్లాసు దగ్గరికి తేగానే అరటిపండు వాసన, వెనకాలే లవంగం. అరటిపండూ వెయ్యరు, లవంగమూ వెయ్యరు, రెండూ ఈస్ట్ పుట్టించినవే. పులిసేటప్పుడు వేడి కాస్త ఎక్కువైతే అరటిపండు పైచేయి అవుతుంది, బబుల్‌గమ్ దాకా కూడా పోతుంది. మన వేడిలో కూలింగ్ సరిగ్గా పట్టించుకోని చోట జరిగేది అదే. మంచి హెఫెవైజెన్‌లో రెండూ సమంగా ఉండి, మింగాక నోట్లో తీపి అంటుకోకుండా పోవాలి.

విట్ బెల్జియంది, హూగార్డెన్ అనే ఊరిది. 1950లలో అక్కడి ఆఖరి విట్ బ్రూవరీ కూడా మూతపడింది. కుర్రతనంలో ఆ బ్రూవరీలో సాయం చేసిన పియెర్ సెలిస్ అనే పాల వ్యాపారి 1966లో మళ్ళీ కాచడం మొదలుపెట్టాడు. 1985లో బ్రూవరీ కాలిపోయింది. నిలబెట్టడానికి పెద్ద కంపెనీ డబ్బు తీసుకోవాల్సి వచ్చింది, చివరికి బ్రూవరీ వాళ్ళ చేతికే పోయింది. ఆయన ఊరుకోలేదు, అమెరికా వెళ్ళి టెక్సస్‌లోని ఆస్టిన్‌లో సొంత పేరుతో ఇంకోటి పెట్టాడు. ఇవాళ ప్రపంచంలో ఎక్కడ విట్ తాగినా అది ఆ పాలవాడి పుణ్యమే.

విట్‌లో వాడేది మొలకెత్తించని పచ్చి గోధుమలు. పైగా ధనియాలు, ఎండబెట్టిన నారింజ తొక్క నిజంగానే వేస్తారు. హెఫెవైజెన్ కంటే పల్చగా, పుల్లపుల్లగా, మరింత చురుగ్గా ఉంటుంది. చిక్కల్లా ధనియాల పాళ్ళతోనే. ఎక్కువ పడితే మసాలా డబ్బా మూత తీసినట్టే ఉంటుంది. పాత ధనియాలైతే సబ్బు వాసన కూడా తగులుతుంది.

చేదు పడనివాళ్ళకు, బీరంటేనే మొహం చిట్లించేవాళ్ళకు ఈ రెండే సరైన మొదలు. మధ్యాహ్నం ఎండలో వెళ్తే విట్, సాయంత్రం తిండితో కూర్చుంటే హెఫెవైజెన్. అరటిపండు వాసన సరిపడనివాళ్ళు కొందరుంటారు. వాళ్ళు హెఫెవైజెన్ జోలికి పోకుండా నేరుగా విట్‌కు వెళ్ళిపోవచ్చు. విట్‌లో నారింజ ముక్క గుచ్చి ఇస్తే తీసి పక్కన పెట్టి ఒక గుక్క తాగి చూడండి. ఆ ముక్క వాసన కింద అసలు బీరు వాసన తెలియదు.

పిల్స్‌నర్: ఆ పబ్బు పనితనం తెలిసేది ఇక్కడ

చెక్ దేశంలోని పిల్సెన్ ఊరివాళ్ళు 1838లో బాగా పాడైన బీరును 36 పీపాలు టౌన్ హాల్ ముందే పారబోశారు. అంతగా విసిగిపోయి, ఊరి బ్రూవర్లంతా కలిసి కొత్త బ్రూవరీ కట్టుకుని, బవేరియా నుంచి యోసెఫ్ గ్రోల్‌ను పిలిపించారు. ఆయన 1842 అక్టోబర్ 5న మొదటి బీరు కాచాడు, నవంబర్‌లో పీపా తెరిచారు. అప్పటిదాకా బీరంటే ఎక్కువగా ముదురు గోధుమ రంగు. ఇది మాత్రం బంగారు రంగులో, అద్దంలా తేటగా వచ్చింది. లేత రంగు మాల్ట్, జాటెక్ ప్రాంతపు హాప్స్, బవేరియా లాగర్ ఈస్ట్, అన్నిటికీ మించి ఖనిజాలు దాదాపు లేని పిల్సెన్ నీళ్ళు కలిసి వచ్చాయి. మనం షాపులో కొనే లైట్ బీరు ఏదైనా దూరపు చుట్టంగా ఈ పీపా నుంచి వచ్చిందే.

లైట్ బీరు ఇష్టపడేవాళ్ళు మైక్రోబ్రూవరీలో ముందు అడగాల్సింది పిల్స్‌నరే. రుచి పరిచయమైనదే, కాకపోతే మాల్ట్ దగ్గర తాజా బ్రెడ్డు వాసన, చివర్లో శుభ్రంగా తెగే చేదు అదనం. చేదు కూడా వద్దనుకుంటే బోర్డు మీద హెల్లెస్ ఉందేమో చూడండి. మ్యూనిక్ బ్రూవరీ ష్పాటెన్ 1894లో పిల్సెన్ బీరుకు జవాబుగా తెచ్చిన రకం అది, ఇంకా మెత్తగా ఉంటుంది.

నా దృష్టిలో ఒక పబ్బును అంచనా వెయ్యాలంటే ముందు రుచి చూడాల్సింది లాగరే. గోధుమ బీరులో అరటిపండు వాసన కింద చిన్న చిన్న తప్పులు దాక్కుంటాయి. ఐపీఏలో హాప్స్ కప్పేస్తాయి. స్టౌట్‌లో మాడిన మాల్ట్ కప్పేస్తుంది. పిల్స్‌నర్‌కు దాక్కునే చోటు లేదు. వెన్న వాసనో పాప్‌కార్న్ బట్టర్ వాసనో వస్తే తొందరపడి ట్యాంకు ఖాళీ చేశారని అర్థం. ఈస్ట్ తను పుట్టించిన ఆ పదార్థాన్ని తనే తిరిగి సర్దుకోవడానికి సమయం ఇవ్వలేదన్నమాట. ఉడికిన మొక్కజొన్న వాసన వస్తే మరిగించడంలో లోపం.

ఇంకో మాట. మన దగ్గర గ్లాసును అడ్డంగా వంచి, ఒక్క చుక్క నురగ రాకుండా పొయ్యడం పెద్ద నైపుణ్యం. నురగ వస్తే మోసపోయినట్టు లెక్క. చెక్ బార్లలో దీనికి పూర్తిగా రివర్సు: చిక్కటి తడి నురగ మూడు వేళ్ళ మందాన లేకపోతే కస్టమర్ గ్లాసు వెనక్కి పంపేస్తాడు. దాదాపు గ్లాసు నిండా నురగే పోసి ఇచ్చే పద్ధతి కూడా అక్కడ ఒకటుంది, పేరు మ్లీకో. నురగ కింద బీరుకు గాలి తగలదు, హాప్స్ వాసన అందులో నిలుస్తుంది. పిల్స్‌నర్ అడిగినప్పుడు నురగతోనే పొయ్యమనండి.

ఐపీఏ: పేరులో ఇండియా ఉన్నంత మాత్రాన మనకు సరిపడాలని లేదు

ఐపీఏ గురించి ఎక్కడ విన్నా ఒకే కథ. ఇండియాకు ఓడల్లో పంపే బీరు దారిలో పాడైపోతుంటే, లండన్‌లో హాడ్జ్‌సన్ అనే ఆయన హాప్స్ దట్టించి కొత్త బీరు కనిపెట్టాడని. వినడానికి బాగుంది, నిజం మాత్రం అంత సూటిగా లేదు. హాప్స్ ఎక్కువ వేసి నిలవ పెట్టే బీరు ఇంగ్లండ్‌లో ముందు నుంచే ఉంది. హాడ్జ్‌సన్ బ్రూవరీ లండన్ తూర్పున బో అనే చోట, ఈస్టిండియా కంపెనీ ఓడల రేవుకు దగ్గర్లో ఉండేది. కెప్టెన్లకు అప్పు మీద సరుకిచ్చేవాడు. అలా అతని బీరు ఆఫ్రికా చుట్టూ నెలల తరబడి ప్రయాణించి కలకత్తా, మద్రాసు చేరేది. మిగతా రకాలు కూడా బాగానే చేరేవి. నల్లటి పోర్టర్ బీరును సైనికులు ఇక్కడ తెగ తాగేవారు. లేత రంగు బీరు కంపెనీ దొరల బల్లల మీదిది.

1820లలో ఇంగ్లండ్‌లోని బర్టన్ ఊరి బ్రూవర్ ఆల్సప్ ఈ వ్యాపారంలోకి దిగాక హాడ్జ్‌సన్ వెనకబడిపోయాడు. బర్టన్ నీళ్ళలో జిప్సం ఎక్కువ. ఆ నీళ్ళతో కాస్తే హాప్స్ చేదు పదునుగా, పొడిగా తేలుతుంది. పిల్సెన్ మెత్తటి నీళ్ళకు ఇది సరిగ్గా వ్యతిరేకం. ఇప్పుడు బ్రూవర్లు నీళ్ళను ఆర్వో పట్టి, కావలసిన లవణాలు తూకం వేసి కలుపుకుని ఏ ఊరి నీళ్ళనైనా తయారు చేసుకుంటారు.

మన బోర్డు మీద కనిపించే ఐపీఏ మాత్రం ఆ ఇంగ్లీషు బీరు కాదు, దాని అమెరికా మనవడు. 1972లో అక్కడ క్యాస్కేడ్ అనే హాప్ రకం బయటికొచ్చింది, నారింజ, పంపరపనస వాసనతో. శాన్‌ఫ్రాన్సిస్కోలో యాంకర్ బ్రూవరీ 1975లో లిబర్టీ ఏల్‌లో దాన్ని వాడింది. 1980లో సియెరా నెవాడా మొదలై అదే హాప్‌తో పేల్ ఏల్ కాచింది. అక్కడి నుంచి అమెరికన్లు పోటీలు పడి చేదు పెంచుకుంటూ పోయారు.

ఇందులో ఇప్పుడు రెండు దార్లున్నాయి. వెస్ట్ కోస్ట్ రకం తేటగా, పొడిగా, పదునైన చేదుతో, దేవదారు జిగురు వాసనతో ఉంటుంది. అమెరికాలోనే వెర్మాంట్ రాష్ట్రం వైపు పుట్టిన హేజీ రకం మసకగా, ఓట్స్ వల్ల నున్నగా, మామిడి, అనాస వాసనలతో, చేదు బాగా తగ్గి ఉంటుంది. బోర్డు మీద ఐబీయూ అని అంకె రాసి ఉంటే అది చేదు కొలత. మామూలు లైట్ లాగర్ పది దగ్గర్లో, పిల్స్‌నర్ ముప్పై, నలభై మధ్య, ఐపీఏ నలభై నుంచి డెబ్భై దాకా. ఆ అంకెనే నమ్ముకోవద్దు, తీపి ఎక్కువున్న బీరులో అదే చేదు సగం కూడా తెలియదు.

కాకరకాయ వేపుడు ఇష్టంగా తినేవాళ్ళు, చక్కెర లేకుండా ఫిల్టర్ కాఫీ తాగేవాళ్ళు వెస్ట్ కోస్ట్‌తోనే మొదలుపెట్టవచ్చు. మిగతావాళ్ళు హేజీతో. మొదటిసారి వచ్చిన ఫ్రెండ్‌కు "ఇదిరా అసలు బీరంటే" అని వెస్ట్ కోస్ట్ ఐపీఏ ఇప్పించే పెద్దమనుషులు ప్రతి గ్యాంగులో ఒకరుంటారు. ఆ ఫ్రెండ్ మళ్ళీ మైక్రోబ్రూవరీ మొహం చూడడు.

నల్లవి: పోర్టర్, స్టౌట్

వీటి గురించి ముందుగా పోగొట్టుకోవలసిన భయం ఒకటే: నలుపు వేరు, స్ట్రాంగ్ వేరు. గిన్నిస్ డ్రాట్ 4.2 శాతమే, మన లైట్ బీర్లకంటే తక్కువ. ఆ నలుపు మాడ్చిన మాల్ట్‌ది. డేనియెల్ వీలర్ 1817లో గుండ్రంగా తిరిగే వేపుడు డ్రమ్ముకు పేటెంట్ తీసుకున్నాక, కొద్దిపాటి నల్ల మాల్ట్‌తోనే ఈ రంగు తేవడం సాధ్యమైంది. కాఫీ, కోకో, మాడిన బ్రెడ్డు అంచు, ఈ రుచులు నచ్చేవాళ్ళకు ఇక వేరే ఆలోచన అక్కర్లేదు. పోర్టర్ కాస్త మెత్తన, చాక్లెట్ వైపు. స్టౌట్ కాస్త చేదు, కాఫీ వైపు. ఈ గీత బ్రూవర్లే సరిగ్గా పాటించరు కాబట్టి మనం బుర్ర పాడుచేసుకోనక్కర్లేదు. నైట్రో అని రాసి ఉంటే అదే అడగండి: నైట్రోజన్ బుడగలు సన్నగా ఉండి బీరు మీగడలా తగులుతుంది. ఇంపీరియల్ అని ఉంటే మాత్రం జాగ్రత్త, అది 8 దాటి పోతుంది.

సావర్: కల్లు ఎరిగినవాళ్ళకు కొత్త కాదు

తాటి చెట్టు మీద ముంతలోకి చేరిన తియ్యటి నీరాను ఎవరూ ఈస్ట్ వేసి పులియబెట్టరు. గాలిలో, ముంతలో ఉన్న సూక్ష్మజీవులే ఆ పని చేస్తాయి, పొద్దెక్కేకొద్దీ పులుపు పెరుగుతుంది. బ్రస్సెల్స్ చుట్టుపక్కల లాంబిక్ అనే బీరు పుట్టేది కూడా ఇలాగే. కాచిన రసాన్ని వెడల్పాటి రాగి తొట్టిలో పోసి రాత్రంతా చలిగాలికి వదిలేస్తారు. గాలిలోని జీవులు చేరాక చెక్క పీపాల్లోకి ఎత్తి ఒకటి నుంచి మూడేళ్ళు ఉంచుతారు. 1900లో మొదలైన కాంటియోన్ బ్రూవరీ ఇప్పటికీ చలికాలంలోనే కాస్తుంది, ఎండాకాలపు గాలిలో చెడగొట్టే జీవులు ఎక్కువ కాబట్టి. కల్లుకు గంటలు, లాంబిక్‌కు ఏళ్ళు, సూత్రం ఒకటే.

మన మైక్రోబ్రూవరీల్లో సావర్ పేరుతో వచ్చేది మాత్రం సాధారణంగా లాంబిక్ కాదు. పెరుగు తోడుకునేలా చేసే లాక్టోబాసిలస్ జాతితో ఒకటి రెండు రోజుల్లో పులుపు తెప్పించి, ఆ తర్వాత మరిగించి, పండ్ల గుజ్జు కలిపేది. జామ, మామిడి, కోకం లాంటివి పడితే హాయిగా ఉంటుంది. ఉప్పు, ధనియాలు పడే గోజె అనే జర్మన్ రకం దొరికితే వదలొద్దు. వైన్ తాగేవాళ్ళకు, బీరు వాసనే పడనివాళ్ళకు సావర్ మంచి ఎంపిక. ఎసిడిటీ ఉన్నవాళ్ళు రుచి చూసి ఆపెయ్యడం మేలు.

బెల్జియన్ ట్రిపెల్ గానీ డుబ్బెల్ గానీ కనిపిస్తే అది ఆఖరి గ్లాసుగానే. వెస్ట్‌మాల్ మఠం సన్యాసుల ట్రిపెల్ 9.5 శాతం. తాగుతున్నప్పుడు ఆ బలం అసలు తెలియదు, లేచి నిలబడినప్పుడు తెలుస్తుంది.

తేలకపోతే శాంప్లర్

చాలా చోట్ల అన్ని రకాలూ చిన్న చిన్న గ్లాసుల్లో వరసగా పెట్టి ఇస్తారు. ఇద్దరు కలిసి ఒక శాంప్లర్ తీసుకోవడం డబ్బుకు గిట్టుబాటు. వరస ముఖ్యం: పిల్స్‌నర్, విట్, హెఫెవైజెన్, స్టౌట్, చివర్న ఐపీఏ. ఐపీఏ ముందు తాగితే ఆ చేదు నాలుక మీద కూర్చుని మిగతావన్నీ నీళ్ళలా అనిపిస్తాయి. సావర్ ఉంటే ఐపీఏకు ముందు.

స్టఫ్ రాకముందే రుచి చూడాలి. చికెన్ 65 ఒక ముక్క నోట్లో పడ్డాక ధనియాలో లవంగమో ఎక్కడ తెలుస్తుంది? గ్లాసు చేతిలోకి తీసుకోగానే ముందు వాసన, తర్వాతే గుక్క. మరీ చల్లగా ఉంటే ఏ వాసనా రాదు, రెండు నిమిషాలు అరచేతుల్లో పట్టుకోండి, స్టౌట్‌కైతే ఇంకాస్త సేపు. గ్లాసు లోపలి గోడకు బుడగలు అతుక్కుని కనిపిస్తే గ్లాసు సరిగ్గా కడగలేదని, జిడ్డు ఉందని గుర్తు. ఆ గ్లాసులో నురగా నిలవదు, రుచీ నిలవదు. మార్చమని అడగడానికి మొహమాటం అక్కర్లేదు.

తడిసిన అట్టపెట్టె వాసన వస్తే బీరు పాతబడిందని. పచ్చి యాపిల్ వాసన వస్తే ఇంకా కుర్రది, తొందరపడి తీశారని. పులుపు ఉండకూడని బీరులో వెనిగర్ పులుపు తగిలితే ట్యాప్ పైపులు శుభ్రం చెయ్యలేదని అనుమానించాలి. వెయిటర్‌ని "ఏది బాగుంటుంది" అని కాకుండా "ఈ వారం ఏది కొత్తగా పెట్టారు" అని అడిగి చూడండి. జవాబు వేరుగా వస్తుంది, చాలాసార్లు గ్లాసు కూడా మెరుగ్గా వస్తుంది.

మన కారానికి ఏది

కారానికి చేదు తోడైతే మంట రెట్టింపవుతుంది, ఆల్కహాల్ దాన్ని ఇంకా ఎగదోస్తుంది. అందుకే గుంటూరు కోడి వేపుడుతో ఐపీఏ అంటే కోరి కష్టం తెచ్చుకోవడమే. బాగా కారంగా ఉన్నవాటికి హెఫెవైజెన్: గోధుమ మెత్తదనం మంటను కాస్త అణుస్తుంది, లవంగం వాసన మసాలాతో కలిసిపోతుంది. బిర్యానీకి కూడా నా ఓటు దానికే. మిర్చి బజ్జీ, అపోలో ఫిష్, జీడిపప్పు పకోడీ లాంటి నూనె సరుకుకు పిల్స్‌నర్. గోంగూర మటన్ ఉన్న బల్ల మీద సావర్ పెట్టొద్దు, పులుపు మీద పులుపై రెండూ చెడతాయి. కబాబులకూ బొగ్గుల మీద కాల్చిన మాంసానికీ పోర్టర్. డబుల్ కా మీఠా తింటూ స్టౌట్ తాగడం వినడానికి వింతగా ఉంటుంది గానీ, ఆ తీపికి ఆ మాడు చేదు భలే కుదురుతుంది.

ట్యాపా, క్యానా

హెఫెవైజెన్, విట్, హేజీ ఐపీఏ, ఈ మూడూ తాజాగా ఉన్నప్పుడే తాగాలి, కాబట్టి వీటిని పబ్బులో ట్యాప్ నుంచే తీసుకోవడం లాభం. హాప్స్ వాసన రెండు మూడు నెలల్లో చాలావరకు ఎగిరిపోతుంది. షాపులో ఐపీఏ క్యాన్ కొంటే బ్రాండ్ కన్నా ముందు అడుగున ముద్రించిన తయారీ తేదీ చూడండి. పిల్స్‌నర్ మంచి కంపెనీదైతే క్యాన్‌లో కూడా బాగుంటుంది. ఆకుపచ్చ సీసా, తెల్ల సీసా చూడ్డానికి అందం, కానీ వెలుతురు తగిలితే హాప్స్‌లోని పదార్థం మారిపోయి కుళ్ళు కంపు కొడుతుంది. గోధుమ రంగు సీసా దాన్ని చాలావరకు ఆపుతుంది, క్యాన్ పూర్తిగా ఆపుతుంది. షాపు ముందు ఎండలో పెట్టిన కేసులోంచి తీసి ఇస్తే వద్దనండి, లోపలి ఫ్రిజ్‌లోది అడగండి. పది శాతం దాటిన ఇంపీరియల్ స్టౌట్ ఒక్కదానికే ఈ తొందర లేదు. చీకటి మూల చల్లగా పెట్టి ఏడాది మర్చిపోయినా, తీసినప్పుడు ఎండు ఖర్జూరం రుచి కూడా తోడై ఉంటుంది.